తెల్లాపూర్ విల్లా: గ్రూపులో ఆరున్నర కోట్లు, గుమ్మం దగ్గర ఐదుంబావు. అసలు ధర ఏది?

విల్లా_నంబర్_చెప్పను
తెల్లాపూర్ వైపు గేటెడ్ కమ్యూనిటీలో విల్లా. 300 గజాలు, 3,900 ఎస్‌ఎఫ్‌టీ, జీ ప్లస్ 2, ఈస్ట్ ఫేసింగ్. 2017లో కొన్నాం, రిజిస్ట్రేషన్‌తో కలిపి 2.4 కోట్లు అయింది. పిల్లలిద్దరూ బయట ఉంటున్నారు. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు, పై అంతస్తులోకి వెళ్లడమే మానేసింది. అమ్మేసి నల్లగండ్ల వైపు లిఫ్ట్ ఉన్న ఫ్లాట్ తీసుకుందామని ఆలోచన.

మా కమ్యూనిటీ వాట్సాప్ గ్రూపులో అందరిదీ ఒకటే మాట: "ఆరున్నరకు తగ్గొద్దు సార్, మీరు తగ్గితే మన అందరి రేటూ పడిపోతుంది." ఎండాకాలం నుంచి అమ్మకానికి పెట్టి చూస్తున్నాం. వచ్చినవాళ్లు కాఫీ తాగి, డాబా ఎక్కి, ఐదుంబావు అనో ఐదున్నర అనో చెప్పి వెళ్లిపోతున్నారు. ఒకాయనైతే "విల్లా పాతబడిపోయింది కదండీ" అన్నాడు. ఎనిమిదేళ్లకే పాతదా?

ఆ చుట్టుపక్కల ఈమధ్య నిజంగా అమ్మినవాళ్లు, కొన్నవాళ్లు ఉంటే అంకె చెప్పండి. "నాకు తెలిసినాయన అమ్మాడట" అనే కబుర్లు వద్దు. బ్రోకర్లూ దయచేసి వద్దు.

గచ్చిబౌలి_గోపి
ఆగండి సార్, తొందరపడకండి. 2023 ఆగస్టులో కోకాపేటలోని ప్రభుత్వ లేఅవుట్ నియోపొలిస్ వేలంలో ఎకరం 100.75 కోట్లు పలికింది. అక్కడి నుంచి మీ దగ్గరికి ఎంత దూరం? ఆరున్నర కాదు, రెండేళ్లు ఆగితే ఎనిమిది.

మియాపూర్_మురళి
"రెండేళ్లు ఆగితే" అనే మాట నేను పదేళ్లుగా వింటున్నా బ్రో

సివిల్_సుబ్బారావు
గోపీ, ఆ వేలం అంకె చూసి విల్లా రేటు కట్టడం ఎక్కడి న్యాయం? లెక్క చూడు. ఎకరానికి 4,840 గజాలు. 100.75 కోట్లు అంటే గజం సుమారు 2.08 లక్షలు. ఈయన 300 గజాలకు అదే రేటు వేస్తే నేల ఒక్కటే 6.24 కోట్లు. ఇల్లు ఫ్రీ అన్నమాట. ఆ ధరకు ఎవడైనా వచ్చాడా?

ఎందుకు రాడంటే, బిల్డర్ ఆ ధర పెట్టింది నేల మీద ప్రేమతో కాదు. హైదరాబాద్‌లో 2006 నుంచి ఎఫ్‌ఎస్‌ఐ (స్థలం మీద ఎన్ని అడుగులు కట్టొచ్చనే లెక్క) పరిమితి లేదు. రోడ్డు వెడల్పు, ఖాళీ వదలాల్సిన సెట్‌బ్యాకులు, ఫైర్, ఎయిర్‌పోర్టు అనుమతులు కుదిరితే 50 అంతస్తులైనా లేపుతాడు. ఆ ఎకరం మీద ఎన్ని లక్షల చదరపు అడుగులు అమ్మగలడో చూసుకుని రేటు పాడతాడు. విల్లా స్థలంలో ఒక కుటుంబం ఉంటుంది, అంతే. పైన ఇంకో అంతస్తు వేద్దామన్నా అసోసియేషన్ ఒప్పుకోదు, అనుమతీ రాదు.

గచ్చిబౌలి_గోపి
సరే, వేలం రేటు అలాగే రాదు, ఒప్పుకుంటా. కానీ ఆ వేలం జరిగిన వారం నుంచి చుట్టూ గజం రేటు కదల్లేదా? కదిలింది. మీరు లెక్కలు చెప్తున్నారు, నేను మార్కెట్ చెప్తున్నా.

సివిల్_సుబ్బారావు
కదిలింది అడిగే రేటు. రిజిస్ట్రేషన్లు కదిలాయా?

పాత_బ్యాంకోడు
హోం లోన్ల విభాగంలో చాలాకాలం పనిచేసి రిటైరయ్యాను. బ్యాంకు ఎలా చూస్తుందో చెప్తాను, మీ ఐదుంబావు ఎక్కడి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

విల్లాకు మా వాల్యుయర్ రెండు అంకెలు వేస్తాడు. నేల విలువ వేరు, కట్టడం విలువ వేరు. నేల పెరుగుతుంది, కట్టడం ఏటా తరుగుతుంది. మీరు ఇటాలియన్ మార్బుల్ వేశారా, మాడ్యులర్ కిచెన్ పెట్టించారా అన్నది ఆయనకు పెద్దగా పట్టదు. 3,900 అడుగుల కట్టడానికి తరుగు తీసేసి అడుగుకు ఒక 2,000 వేశాడనుకోండి, 78 లక్షలు. మీకు ఐదున్నర రావాలంటే మిగతా 4.72 కోట్లు నేల మొయ్యాలి. అంటే గజం 1.57 లక్షలు. అదే ఆరున్నరకైతే గజం 1.9 లక్షలు దాటుతుంది. మీ వీధిలో ఆ రేటుకు ఈమధ్య రిజిస్టరైన డాక్యుమెంట్ ఉంటేనే వాల్యుయర్ ఆ అంకె రాస్తాడు. లేకపోతే రాయడు.

ఇప్పుడు కొనేవాడి జేబు చూడండి. 75 లక్షలు దాటిన హోం లోన్‌కు విలువలో 75 శాతం మించి ఇవ్వకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన. ఆ విలువ కూడా అగ్రిమెంటు ధర, వాల్యుయేషన్ రెండిట్లో తక్కువది. స్టాంపు డ్యూటీ అందులోకి రాదు. ఐదున్నరకు బేరం కుదిరి, వాల్యుయేషన్ ఐదు వచ్చిందనుకోండి. లోన్ 3.75. చేతి నుంచి 1.75 కోట్లు. రిజిస్ట్రేషన్ 7.5 శాతం చొప్పున ఇంకో 41 లక్షల పైచిలుకు. ఎనిమిదిన్నర శాతం వడ్డీకి ఇరవై ఏళ్లు పెట్టుకుంటే ఈఎంఐ 3.25 లక్షలు. అంత కట్టగలిగినవాడు మీ గుమ్మం ఎక్కేముందు కొత్త విల్లాలు, కొత్త టవర్లు అన్నీ చూసే వస్తాడు.

మియాపూర్_మురళి
నెలకు 3.25 లక్షల ఈఎంఐ కట్టేవాడికి మీరు కాఫీతో పాటు బిస్కెట్ కూడా పెట్టాలి సార్

విల్లా_నంబర్_చెప్పను
ఉస్మానియా బిస్కెట్లే పెట్టాం, తిన్నారు. బ్యాంకు సార్, కొత్తవాటితో పోలిస్తే మాకు ఒక లాభం ఉంది కదా? ఓసీ (ఇల్లు పూర్తయింది, ఉండొచ్చు అనే అనుమతి పత్రం) వచ్చిన ఇల్లు కాబట్టి జీఎస్టీ లేదు. కట్టుబడిలో ఉన్నదానికి 5 శాతం. ఐదున్నర మీద 27 లక్షలు మిగిలినట్టే. కొనేవాళ్లు ఆ మాటే ఎత్తరు.

పాత_బ్యాంకోడు
ఎత్తరు, మీరే ఎత్తాలి. కానీ కొత్తదానిలో కట్టేకొద్దీ విడతలుగా డబ్బు ఇవ్వొచ్చు. మీకు మూడు నెలల్లో మొత్తం కావాలి. రెండూ చెల్లుకు చెల్లు.

నల్లగండ్ల_రమ
మేం పోయిన ఏడాది అమ్మాం, మీకు దగ్గరే, వేరే కమ్యూనిటీ. 267 గజాలు, వెస్ట్ ఫేసింగ్. 5.6 పెట్టాం, 4.7కి తెగింది. డబ్బంతా చెక్కులు, ఆర్టీజీఎస్. కాబట్టి ఇది కబురు కాదు, అంకె.

ఆ 90 లక్షలు ఎక్కడ పోయాయో చెప్తా వినండి. కొనేవాళ్లు ఇంజినీరును వెంటబెట్టుకుని వచ్చారు. డాబా మీద నీటి చెమ్మ, రెండో అంతస్తు బాత్‌రూమ్ కింద మరకలు చూశాడు. వాటర్‌ప్రూఫింగ్ మొత్తం మళ్లీ చేయాలన్నాడు. లిఫ్ట్ కోసం గుంత వదిలారు కానీ లిఫ్ట్ పెట్టలేదు, అదొక కోత. వెనక సెట్‌బ్యాక్‌లో మేం యుటిలిటీకి రేకుల షెడ్డు వేసుకున్నాం. వాళ్ల లాయరు అది ప్లానులో లేదని పట్టుకున్నాడు. మా పక్కింటాయన కారు పెట్టే చోటు మూసేసి ఆఫీసు గది చేసుకున్నాడు, ఆయనకు ఇంకా కష్టం, కొనడానికి వచ్చినవాళ్ల బ్యాంకు ఒప్పుకోలేదు.

వీటన్నిటికంటే పెద్ద దెబ్బ అసోసియేషన్‌ది. బిల్డర్ దగ్గర నుంచి కార్పస్ ఫండ్ (సంఘం మూలనిధి) పూర్తిగా రాలేదని గొడవ నడుస్తోంది. క్లబ్‌హౌస్ గేటు మీదే పోస్టరు అంటించారు! ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు మొదట చదివేది అదే. మా ఇంటికి ఎంత రంగులు వేయించి ఏం లాభం?

ఉప్పల్_బుల్లోడు
పోస్టరు చదివి 10 లక్షలు తగ్గించాడా ఏంటి 😀

నల్లగండ్ల_రమ
10 కాదు, 15.

కొనే_వాణ్ని
విల్లా_నంబర్ గారూ, అవతలి పక్షం నుంచి రాస్తున్నా. మీ ఏరియాలోనే ఇల్లు వెతుకుతున్నా, మీ ఇంటికి వచ్చానో లేదో తెలీదు, వచ్చి ఉంటే కాఫీకి థాంక్స్.

"పాతబడింది" అంటే గోడలు పాతవని కాదండీ. విల్లా కొనేది ఏకాంతం కోసం. డాబా మీదకు వెళ్తే చుట్టూ టవర్లు, అటు నలభై అంతస్తుల బాల్కనీలు మన పెరట్లోకే చూస్తుంటే ఇక విల్లా ఎందుకు? నేను చూసిన ఒక కమ్యూనిటీలో పడమటి గోడ అవతల టవర్ లేస్తోంది. సాయంత్రం ఎండ మొత్తం దాని వెనక్కి పోతుంది. ఓనరు మాత్రం "టవర్లు వస్తే ఏరియా డెవలప్ అవుతుంది" అంటాడు. మీ పక్క ఖాళీ స్థలం ఉంటే అందులో ఏం వస్తుందో నేను ప్రాజెక్టులు నమోదయ్యే ప్రభుత్వ రెరా సైట్లో చూసే వస్తా. అక్కడ ప్లాన్లు, అంతస్తులు అన్నీ ఉంటాయి.

రెండోది నీళ్లు. మీకు నల్లా నీళ్లు ఎన్ని వస్తున్నాయి, ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు ఎంత పెడుతున్నారు? ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పిన ఓనరు ఇంతవరకు తగల్లేదు.

మూడోది చెరువు. 2024 జులైలో చెరువుల ఆక్రమణలు కూల్చే హైడ్రా సంస్థ వచ్చిన దగ్గర్నుంచి మా ఇంట్లో పెద్దవాళ్లు ముందు అడిగేది అదే. "లేక్ వ్యూ" అని బ్రోషర్‌లో ఉంటే ఒకప్పుడు ఎక్కువ రేటు. ఇప్పుడు ఎఫ్‌టీఎల్ మ్యాపు తీసి కూర్చుంటున్నాం.

సివిల్_సుబ్బారావు
చెరువు గురించి ఒకటి చేరుస్తా. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు. అక్కడి నుంచి ఏమీ కట్టకూడని బఫర్: 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకు 30 మీటర్లు, చిన్న కుంటలకు 9 మీటర్లు. మొత్తం కమ్యూనిటీ బయటే ఉండొచ్చు, ఒక మూల పార్కో రోడ్డో బఫర్‌లోకి వస్తే చాలు, లాయరు అందరి ఫైలూ ఆపేస్తాడు. అమ్మేవాళ్లే ముందుగా లేఅవుట్ మీద ఎఫ్‌టీఎల్ గీత వేయించిన మ్యాపు దగ్గర పెట్టుకుంటే బేరంలో సగం అనుమానం పోతుంది.

విల్లా_నంబర్_చెప్పను
చెరువు మాకు దూరం, ఆ బాధ లేదు. నీళ్ల సంగతి సూటిగా: 2024 వేసవిలో ట్యాంకర్లు పడ్డాయి, నెల మెయింటెనెన్సు దాదాపు రెట్టింపైంది. తర్వాత ఇంకుడు బావులు తవ్వించాం, కొంచెం నయం. మామూలుగా నెలకు 9,750, పైన జీఎస్టీ.

గచ్చిబౌలి_గోపి
మెయింటెనెన్సుకు జీఎస్టీ ఏంటి?

చార్టర్డ్_చిట్టి
సంఘం ఏడాది వసూళ్లు 20 లక్షలు దాటి, ఇంటికి నెలకు 7,500 దాటితే 18 శాతం. విల్లాల్లో చాలామందికి పడుతుంది.

వచ్చాను కాబట్టి అసలు పన్ను సంగతి కూడా చెప్తా. మీరంతా అమ్మే ధర మీద కొట్టుకుంటున్నారు, చేతికి మిగిలేదాని గురించి ఒక్కరూ మాట్లాడరు. 2024 జులై 23 బడ్జెట్ తర్వాత దీర్ఘకాల లాభం మీద 12.5 శాతం, ఇండెక్సేషన్ (కొన్న ధరను ద్రవ్యోల్బణం మేరకు పెంచి చూపడం) లేదు. కానీ ఆ తేదీకి ముందు కొన్న ఇంటికి, ఇక్కడ నివాసి అయితే, పాత పద్ధతిలో 20 శాతం ఇండెక్సేషన్‌తో లెక్కేసి ఏది తక్కువైతే అది కట్టొచ్చు.

ఈయనకు 2025-26లో ఐదున్నరకు అమ్మితే:
కొత్త పద్ధతి: లాభం 3.1 కోట్లు, పన్ను 38.75 లక్షలు.
పాత పద్ధతి: ద్రవ్యోల్బణ సూచీ 2017-18లో 272, 2025-26లో 376. కొన్న ధర 3.32 కోట్లకు పెరుగుతుంది, లాభం 2.18, పన్ను 43.6 లక్షలు.
కొత్తదే మేలు. సర్‌చార్జీ, సెస్సు అదనం. ఇల్లు ఇంతగా పెరిగిన ఏరియాల్లో దాదాపు ఇదే తేలుతుంది. ధర నత్తనడక నడిచిన చోట పాత పద్ధతి గెలుస్తుంది.

ఇంకో ఇల్లు కొంటున్నారు కాబట్టి లాభాన్ని అందులో పెడితే ఆ మేరకు పన్ను పోతుంది. అమ్మడానికి ఏడాది ముందు గానీ, అమ్మిన రెండేళ్లలోపు గానీ కొనాలి. రిటర్న్ గడువులోగా కొనకపోతే డబ్బు క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి, మామూలు ఎఫ్‌డీలో కాదు. కొత్త ఇంటిని మూడేళ్లు అమ్మకూడదు.

విల్లా_నంబర్_చెప్పను
పిల్లలకు ఒక్కోటి చొప్పున రెండు ఫ్లాట్లు కొంటే?

చార్టర్డ్_చిట్టి
లాభం 2 కోట్లు మించకపోతేనే రెండిళ్లు, అదీ జీవితంలో ఒక్కసారి. విల్లా మీ ఇద్దరి పేరు మీద, ఇద్దరి డబ్బుతో కొన్నదైతే లాభం చెరిసగం, ఒక్కొక్కరికి 1.55. అప్పుడు దారి ఉంది. డాక్యుమెంట్ తీసి చూడండి.

డల్లాస్_నాయుడు
నా కేసు వినండి, ఎన్నారైలకు పనికొస్తుంది. మాకు పాత పద్ధతి ఎంచుకునే వెసులుబాటు లేదు. అదలా ఉంచండి, కొనేవాడు ధరలోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను, అంటే టీడీఎస్, ఇక్కడివాళ్లలాగా 1 శాతం కాదు. సర్‌చార్జీ, సెస్సుతో 14.95 శాతం. తక్కువ కోయమని ఇన్‌కంట్యాక్స్ వాళ్లిచ్చే లోయర్ టీడీఎస్ సర్టిఫికెట్ లేకపోతే లాభం మీద కాదు, మొత్తం ధర మీద కోసేస్తారు. ఐదున్నరకు 82 లక్షలు. రీఫండు వచ్చేదాకా అంతా ప్రభుత్వం దగ్గరే. బయానా తీసుకోకముందే సర్టిఫికెట్‌కు అప్లై చేయాల్సింది. మా బావమరిది "తర్వాత చూద్దాంలే బావా" అన్నాడు. ఆ "తర్వాత" ఇంకా రాలేదు.

కొనే_వాణ్ని
అందుకే ఎన్నారై ఓనర్ అనగానే మేం పది లక్షలు తగ్గించి అడుగుతాం నాయుడు గారూ, ఏమీ అనుకోకండి. ఆ కాగితాల పని అంతా మా నెత్తిన పడుతుంది.

ఉప్పల్_బుల్లోడు
అందరూ చెక్కులు, ఆర్టీజీఎస్ అంటూ వైట్ (లెక్కల్లో చూపే డబ్బు) మాటలే చెప్తున్నారు. నిజం మాట్లాడుకుందాం. ఒక కోటి చేతిలో పెడితే రేటు అదే కలిసొస్తుంది కదా.

పాత_బ్యాంకోడు
ఆ కోటి మీద లోన్ రాదు. నగదుగా 20,000 గానీ అంతకు మించి గానీ తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా. రేపు ఆ కోటితో ఈయన ఫ్లాట్ కొనలేడు, పన్ను మినహాయింపూ రాదు. అరవై దాటిన మనిషి అల్మరాలో కోటి పెట్టుకుని కాపలా కాయాలా?

మోడరేటర్_3
నగదు డీల్స్ మీద చర్చ ఇక్కడితో ఆపండి. బ్రోకర్ల పోస్టులు నాలుగు తీసేశాం.

నల్లగండ్ల_రమ
విల్లా_నంబర్ గారూ, ఫ్లాట్ కొనేముందు ఒకటి గమనించండి. మేమూ విల్లా అమ్మి ఫ్లాట్‌కే వచ్చాం. సుఖంగా ఉన్నాం, అబద్ధం చెప్పను. కానీ మా 2,400 అడుగుల ఫ్లాట్‌కు వచ్చిన యూడీఎస్ (నేలలో మా వాటా) 52 గజాలు. చేతిలో 267 గజాలు ఉండేది, ఇప్పుడు 52. ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని ఎవరు, ఎంతకు కొంటారో అని మా ఆయన రోజూ గొణుగుతాడు.

గచ్చిబౌలి_గోపి
చూశారా! అందుకే నేల వదలొద్దన్నా.

సివిల్_సుబ్బారావు
నేల వదలొద్దు సరే, ఆవిడ మోకాళ్ల సంగతి? మెట్ల మీద యూడీఎస్ మోసుకెళ్తారా? ఉండటానికి కొనేది వేరు, పెట్టుబడి వేరు. కాకపోతే పాత కాంప్లెక్సుల్లో, అయిదారు అంతస్తులవాటిలో యూడీఎస్ బాగా ఎక్కువ వస్తుంది. కొత్త టవర్ల మోజు పక్కన పెడితే అవి చూడొచ్చు. లిఫ్ట్, జనరేటర్ కండిషన్ చూసుకోండి.

శంషాబాద్_శీను
"రేటు పడిపోతుంది, తగ్గొద్దు" అనే గ్రూపు వాళ్ల మీద ఎవరూ మాట్లాడలేదు. మా కమ్యూనిటీలో ఇదే జరిగింది. ఆరు ఇళ్లు ఒకే రేటు బోర్డు పెట్టుకుని కూర్చున్నాయి. వాళ్లలో ఒకాయన అర్జెంటుగా సైలెంటుగా తక్కువకు అమ్మేసి, గ్రూపులో మాత్రం "మంచి రేటు వచ్చింది" అని స్వీట్లు పంచాడు. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల రికార్డు) తీస్తే రిజిస్ట్రేషన్ విలువ బయటపడింది.

మియాపూర్_మురళి
స్వీట్లు ఏవి బ్రో, పుల్లారెడ్డా?

శంషాబాద్_శీను
మైసూర్ పాక్. బాగానే ఉంది.

విల్లా_నంబర్_చెప్పను
అందరికీ థాంక్స్. శీను గారు చెప్పినట్టు ఈసీలు తీయించా. మా లేఅవుట్‌లో ఈ రెండేళ్లలో మూడు రిజిస్టరయ్యాయి, ఏదీ ఐదు ముప్పావు దాటలేదు. అది కూడా కార్నర్ బిట్టు. విల్లా మా ఇద్దరి పేరు మీదే ఉంది, చిట్టి గారికి ప్రత్యేకంగా థాంక్స్.

డాబా వాటర్‌ప్రూఫింగ్ చేయిస్తున్నా. ఓసీ, లింకు డాక్యుమెంట్లు, ప్రాపర్టీ ట్యాక్సు రసీదులు, అసోసియేషన్ నో డ్యూస్ అన్నీ ఒక ఫైల్లో పెట్టా. 5.75 అని అడుగుతా, ఐదున్నర వైట్‌లో ఇస్తే వదిలేస్తా. గ్రూపులో చెప్పలేదు, మ్యూట్‌లో పెట్టా.

గచ్చిబౌలి_గోపి
తొందరపడుతున్నారు సార్. నా మాట వినండి, మెట్రో రెండో దశ సంగతి తేలనివ్వండి.

కొనే_వాణ్ని
5.75కి కాదు కానీ చూడొచ్చా? మెసేజ్ పెట్టాను. ఆదివారం ఉదయం ఇంజినీరుతో వస్తా. మీ పడమటి గోడ అవతల ఏముందో ముందే చెప్పేయండి.

విల్లా_నంబర్_చెప్పను
పడమట ఇంకో విల్లా లేఅవుట్ ఉంది. ఉత్తరాన ఖాళీ స్థలం, మూడెకరాలు, ఎవరిదో కోర్టులో ఉంది. రెరాలో ఇంకా ఏమీ లేదు, చూసుకునే రండి.